తీర గ్రామాల్లో వలసపై ఫీల్డ్‌వర్క్: తాళం వేసిన ఇంటిని కూడా లెక్కలోకి తీసుకోవడం ఎలా

వాతావరణ మార్పు, వలస అనే అంశం తీసుకుని తీర గ్రామాలకు వెళ్లబోయేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ప్రశ్నావళి ఎలా తయారు చేయాలి?" నా లెక్కలో ప్రశ్నావళి ఏడో మెట్టు. దానికి ముందున్న ఆరు పనులు సరిగ్గా జరిగితే ప్రశ్నలు సగం వాటంతట అవే కుదురుతాయి. ఆ పనులు జరగకుండా ఎంత పెద్ద సర్వే చేసినా చేతికి మిగిలేది ఊళ్లో ఉన్నవాళ్ల మాట మాత్రమే. మనం తెలుసుకోవాలని బయల్దేరింది ఊళ్లో లేనివాళ్ల గురించి కదా.

కింద రాసింది ఏ తీరానికైనా పనికొచ్చే క్రమం. ఒక్కరే వెళ్లినా, నలుగురి బృందంగా వెళ్లినా ఇదే వరస.

1. ముందు ప్రశ్నను చిన్నది చేయండి

"వాతావరణ మార్పు వల్ల వలస జరుగుతోందా?" అనే ప్రశ్నతో ఊరికి వెళ్లకండి. దానికి ఏ ఇంట్లోనూ జవాబు దొరకదు. ఒక మనిషి ఊరు విడిచి వెళ్లడం వెనక అప్పు ఉంటుంది, పెళ్లి ఉంటుంది, పిల్లల చదువు ఉంటుంది, అటువైపు పని చూపించే బంధువు ఉంటాడు. బ్రిటన్ ప్రభుత్వం కోసం 2011లో తయారైన ఫోర్‌సైట్ నివేదిక వలసకు కారణాలను ఐదు రకాలుగా చూసింది: ఆర్థిక, సామాజిక, రాజకీయ, జనాభా, పర్యావరణ కారణాలు. పర్యావరణం చాలాసార్లు నేరుగా కాకుండా మిగతా నాలుగింటి ద్వారా పనిచేస్తుంది. నేల చవుడు తేలడం కంటికి కనిపిస్తుంది. దాని వల్ల పెరిగిన అప్పు కనిపించదు.

అందుకే ప్రశ్నను ఇలా విరగ్గొట్టుకోండి:

- ఈ ఊరి నుంచి ఎవరు వెళ్తున్నారు? మగవాళ్లా, ఆడవాళ్లా, కుటుంబం మొత్తమా?
- ఎన్ని నెలలకు? తిరిగి వస్తున్నారా?
- వెళ్లడానికి ముందు ఏ పని దెబ్బతింది? ఎప్పటి నుంచి?
- వెళ్లాలని ఉన్నా వెళ్లలేకపోయింది ఎవరు?
- వెళ్లగలిగి కూడా ఉండిపోయింది ఎవరు?

చివరి రెండింటినీ ఒకటిగా కలపకండి. ప్రయాణ ఖర్చుకు కూడా డబ్బు లేక చిక్కుకుపోయిన ఇల్లు వేరు. ఇక్కడే ఉంటామని నిర్ణయించుకున్న ఇల్లు వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తట్టుకోవడానికి చేసే పనుల విషయంలోనూ అంతే. ఇంటి పునాది ఎత్తు పెంచుకోవడం, పంట మార్చడం, గట్టు కట్టడం, కొడుకును పనికి పంపడం అన్నీ ఆ జాబితాలోకే వస్తాయి. ప్రతి పనినీ మేలు చేసేదే అనుకోవద్దు. సెనెగల్‌లోని సెయింట్ లూయిస్ దగ్గర 2003లో నగరాన్ని వరద నుంచి కాపాడాలని ఇసుక దిబ్బకు సుమారు 4 మీటర్ల వెడల్పున గండి కొట్టారు. ఆ గండి ఆగకుండా కోసుకుపోయి కిలోమీటర్ల మేర వెడల్పయింది. దిబ్బ అండన ఉన్న గ్రామం కొట్టుకుపోయింది. కాబట్టి ఏ రక్షణ పని గురించి రాసుకున్నా పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: దీని వల్ల ఎవరికి మేలు, ఎవరికి నష్టం?

2. వెళ్లకముందే కాగితం మీద చేయాల్సినవి

దీనికి కనీసం రెండు వారాలు పెట్టండి.

తీరం ఎంత మారిందో ఉపగ్రహ చిత్రాల్లో చూడండి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. 2015లో మొదలైన సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల వరకు వివరం కనిపిస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఒక చిత్రం పోటు మీద (నీరు పైకి వచ్చినప్పుడు), ఇంకోటి పాటు మీద (నీరు వెనక్కి తగ్గినప్పుడు) తీసి ఉంటే, తీరం కదలకపోయినా కదిలినట్టే కనిపిస్తుంది. బాగా పల్లంగా ఉన్న ఒడ్డున ఈ తేడా వందల మీటర్లు కూడా ఉండొచ్చు. ప్రతి చిత్రానికీ తేదీ, సమయం, ఆ సమయానికి నీటిమట్టం రాసుకున్నాకే పోల్చండి.

సముద్ర మట్టం అంకెలతోనూ జాగ్రత్త. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని, 2006-2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం) ఆరో నివేదిక చెప్పింది. అది సగటు. మీ ఊరి అంకె అది కాదు. డెల్టాల్లో నేల తానే కుంగుతుంది. నదిపై ఎగువన ఆనకట్టలు పడితే ఒండ్రు రాదు. భూగర్భ జలం తోడేస్తే కుంగడం ఇంకా పెరుగుతుంది. బంగ్లాదేశ్ నైరుతి తీరంలో 1960ల నుంచి కట్టిన కరకట్టల లోపలి నేల, బయటి మడ అడవి నేల కంటే మీటరుకు పైగా పల్లమైపోయిన చోట్లున్నాయి. కట్ట వరద నీటితో పాటు ఒండ్రును కూడా ఆపేసింది. 2009లో ఐలా తుపానుకు కట్టలు తెగినప్పుడు కొన్ని చోట్ల రెండేళ్ల దాకా నీరు నిలిచిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇలాంటి ఊళ్లో "సముద్రం పెరిగింది" అని ఒక్క మాటలో తేల్చేస్తే సగం విషయం వదిలేసినట్టే.

బయల్దేరే ముందు చేతిలో ఉండాల్సినవి:

- కనీసం మూడు కాలాల తీరరేఖలతో ఒక ముద్రిత మ్యాపు (ఫోన్‌లో ఉంటే నలుగురు కలిసి చూడలేరు)
- దగ్గర్లోని రేవు ఆటుపోట్ల పట్టిక
- గత 40-50 ఏళ్లలో అక్కడ తాకిన తుపానులు, వరదల తేదీలు
- జనాభా లెక్కల వివరాలు, అవి ఏ నెలలో సేకరించారో కూడా
- కట్టలు, గోడలు, రొయ్యల చెరువులు, ఓడరేవుల నిర్మాణ సంవత్సరాలు

జనాభా లెక్క తీసిన నెల ఎందుకంటే, ఆరు నెలలు బయట పనిచేసి వచ్చేవాళ్లు ఒక నెలలో ఊళ్లో లెక్కపడతారు, ఇంకో నెలలో పడరు.

3. అనుమతి, సమ్మతి

మీ సంస్థలోని పరిశోధన నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి, స్థానిక అధికారుల అనుమతి, ఊరి పెద్దల ఒప్పుదల వేటికవి వేరు. మూడూ వచ్చినా ఇంటివాళ్ల సమ్మతి వచ్చినట్టు కాదు. పెద్దమనిషి పక్కన నిలబడి "చెప్పమ్మా" అంటే ఆమె చెప్పేది సమ్మతి కిందకు రాదు. ఆ రోజు పలకరించి వచ్చేయండి, మరో రోజు మీరే వెళ్లండి.

సమ్మతి అడిగేటప్పుడు ఈ నాలుగు మాటలూ నోటితో, వాళ్ల భాషలో చెప్పండి:

- నేనెవరిని, ఇది దేనికి
- నాతో మాట్లాడితే పరిహారం, ఇల్లు, పథకం ఏదీ రాదు. మాట్లాడకపోతే ఏదీ పోదు
- ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేయొచ్చు
- మీ పేరు, ఇంటి ఆనవాలు ఎక్కడా రాయను

రెండో మాటను అన్నింటికంటే గట్టిగా, రెండుసార్లు చెప్పండి. ముంపు ఊళ్లలో పుస్తకం పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారిలాగే కనిపిస్తాడు. ఆ ఆశ మనసులో ఉంటే జవాబులు దాని చుట్టూనే తిరుగుతాయి. వాళ్లకు అది అన్యాయం కూడా.

జీపీఎస్ గుర్తులు, ఫొటోలు తేలిక విషయాలు కావు. తీరంలో చాలా ఇళ్లకు పట్టా ఉండదు. కొందరి వలస కాగితాల్లేకుండా జరుగుతుంది. మీ మ్యాపులో ఇంటి చుక్క స్పష్టంగా ఉంటే రేపు ఖాళీ చేయించేవాళ్లకు అదే జాబితా అవుతుంది. ఇళ్ల గుర్తులు మీ దగ్గరే విడిగా దాచి, బయటికి ఇచ్చే మ్యాపులో వీధి స్థాయికి మించి చూపించకండి.

4. ఎప్పుడు వెళ్లాలి

రెండుసార్లు వెళ్లలేకపోతే ప్రాజెక్టును చిన్నది చేసుకోండి కానీ ఒక్కసారితో సరిపెట్టకండి. బయటి నుంచి వచ్చే పరిశోధకులు తారురోడ్డు పక్కన, పొడి కాలంలో, ఊరి పెద్దలను మాత్రమే చూసి వెళ్లిపోతారని గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1980ల్లోనే ఎత్తిచూపారు. తీర గ్రామాల్లో ఇది ఇంకా ఎక్కువ. ప్రయాణానికి వీలైన కాలంలోనే మనం వెళ్తాం. సరిగ్గా ఆ కాలంలోనే వలస వెళ్లేవాళ్లు ఊళ్లో ఉండరు.

ఒక ప్రయాణం జనం బయట ఉన్నప్పుడు, ఇంకోటి తిరిగి వచ్చినప్పుడు పెట్టుకోండి. వేట లేని నెలలు, పంట కోతలు, పండుగలు, స్కూలు సెలవులు ముందే తెలుసుకుని క్యాలెండర్ వేసుకోండి.

రోజు పనిని గడియారం చూసి వేసుకోవద్దు, నీళ్లను చూసి వేసుకోండి. చాలా తీరాల్లో ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అంటే ఈ రోజు ఉదయం 6కు వచ్చిన పోటు రేపు దాదాపు 6.50కి వస్తుంది. పడవలు వెళ్లే వేళ, వచ్చే వేళ దాంతోపాటే జరుగుతాయి. "రేపు ఇదే టైముకు వస్తాను" అని చెప్పి వెళ్లి ఖాళీ ఒడ్డున నిలబడినవాళ్లను చాలామందిని చూశాను.

అమావాస్య, పౌర్ణమి తర్వాతి ఒకట్రెండు రోజులు తప్పకుండా ఊళ్లో ఉండండి. పెద్ద పోటు అప్పుడే వస్తుంది. నేను ఒక ఊళ్లో మూడు వారాలు ఉండి, ముంపు గురించి ఎన్నో ఇంటర్వ్యూలు తీసుకున్నాను. ఒక పౌర్ణమి మర్నాడు పొద్దున్నే వీధిలో నిలబడితే, వాన చుక్క లేదు, గాలి లేదు, మురుగు కాలువ తూములోంచి నీళ్లు వెనక్కి తన్నుకొస్తున్నాయి. నిమిషాల్లో చీలమండ దాకా వచ్చాయి. ఒకామె మాట్లాడకుండా పొయ్యి ఎత్తి అరుగు మీద పెట్టి, మళ్లీ పనిలో పడింది. అప్పటిదాకా ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. నెలనెలా జరిగేదాన్ని వాళ్లు ముంపు అనడం మానేశారు. నేను వాడిన మాటే తప్పు. ఆ రోజు నుంచి "ముంపు" బదులు "ఇంట్లో వస్తువులు పైకి ఎత్తాల్సిన రోజులు నెలకు ఎన్ని?" అని అడుగుతున్నాను.

5. మొదటి వారం నడక

మొదటి ఐదారు రోజులు రికార్డర్ బయటికి తీయొద్దు. నడవండి. ఒడ్డు నుంచి ఊరి వెనక పొలాల దాకా అడ్డంగా ఒక గీతలా నడవండి, వెంట ఊరివాళ్లు ఇద్దరు ఉండాలి. ఒకరు వయసు మళ్లినవారు, ఇంకొకరు పాతికేళ్ల లోపువారు. ఇద్దరూ చూపించేవి వేరుగా ఉంటాయి. ఆడవాళ్లతో ఇంకోసారి విడిగా నడవండి, ఎందుకంటే మంచినీళ్ల దారి వాళ్లకే తెలుసు.

నడుస్తూ అడగాల్సింది ఒక్కటే: "ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?"

పాటు మీద ఒక ముసలాయనతో ఇలా నడుస్తుంటే ఆయన నీళ్లలోకి చెయ్యి చూపించాడు. ఒడ్డుకు కాస్త దూరంలో సిమెంటు ఒరలు మూడు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి, గుల్లలు పట్టి ఉన్నాయి. అది వాళ్ల వీధి బావి. చుట్టూ ఇసుక కొట్టుకుపోయి ఒరలు మాత్రం స్తంభంలా మిగిలాయి. ఆ బావి నుంచి మా ఇంటికి నలభై అడుగులు అని ఆయన నడిచి చూపించాడు, నీళ్లలోనే. ఆ తర్వాత ఇల్లు ఎన్నిసార్లు మార్చారో, ఒక్కో మార్పుకు ఎవరి దగ్గర అప్పు చేశారో, ఏ మార్పు తర్వాత పెద్ద కొడుకు వెళ్లాడో వరసగా చెప్పాడు. నేను ఏ కాలపట్టికా అడగలేదు. బావి అడిగింది.

కాబట్టి నడకలో ఇలాంటి గుర్తులు వెతకండి: ఒరిగిపోయిన చెట్టు మోడు, సగం మిగిలిన మెట్లు, గోడ మీద నీటి చార, పాత రోడ్డు ముక్క, ఒకప్పటి స్కూలు పునాది. ఒక్కో గుర్తుకూ చోటు, చెప్పినవాళ్ల వయసు, చెప్పిన సంవత్సరం రాసుకోండి. రాత్రికి ఉపగ్రహ చిత్రాలతో సరిచూడండి. రెండూ కలవకపోతే వెంటనే మనిషి జ్ఞాపకం తప్పని కొట్టేయకండి. చిత్రం పోటు మీద తీసిందేమో ముందు చూడండి.

6. ఇళ్ల జాబితా: తాళాలతో సహా

ఊళ్లోని ప్రతి ఇంటినీ రాయండి. మనుషులు లేని ఇంటిని "ఖాళీ" అని రాసి వదిలేయడం ఈ రంగంలో అన్నింటికంటే పెద్ద తప్పు. మొదటి ప్రాజెక్టులో నేనూ అదే చేశాను. తాళం ఉన్న ఇంటి బదులు పక్కింటిని తీసుకున్నాను. లెక్కలన్నీ అయ్యాక చూస్తే, ఆ ఊళ్లో కుటుంబంతో సహా వెళ్లిపోయినవాళ్లే లేనట్టు తేలింది!

తాళం వేసిన ప్రతి ఇంటికీ పక్కింట్లో ఈ ఐదూ అడగండి:

- తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?
- చివరిసారి ఎప్పుడు వచ్చారు, దేనికి?
- అందరూ వెళ్లారా, ముసలివాళ్లను ఎక్కడైనా ఉంచారా?
- ఇంటి పన్ను, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు?
- మీ ద్వారా వాళ్లకు కబురు పంపితే మాట్లాడతారా?

తాళంచెవి ప్రశ్న చిన్నదే కానీ చాలా చెప్తుంది. పక్కింట్లో చెవి ఇచ్చి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చే ఆలోచనతో వెళ్లినవాళ్లు. తలుపులు, కిటికీలు ఊడదీసి అమ్ముకుని వెళ్లినవాళ్ల సంగతి వేరు. ఫోన్ నంబర్ మీరు తీసుకోవద్దు. మీ నంబర్ పక్కింటివాళ్లకు ఇచ్చి, ఇష్టమైతే వాళ్లనే చేయమనండి.

తర్వాత జాబితాను ఐదు గుంపులు చేయండి: ఎవరూ వెళ్లనివి, ఒకరిద్దరు సీజన్‌కు వెళ్లేవి, ఏళ్ల తరబడి బయట ఉన్నవి, వెళ్లి తిరిగి వచ్చినవి, తాళం పడినవి. ప్రతి గుంపు నుంచీ కొన్ని ఇళ్లను చీటీ వేసి ఎంచుకోండి. సముద్రానికి దగ్గరి వీధి, దూరపు వీధి రెండూ ఉండాలి. తీరానికి దూరంగా ఉన్నవాళ్లను కూడా అడగకపోతే, ఒడ్డున కనిపించిన వలస సముద్రపు కోత వల్లే వచ్చిందో, ఊరంతా అంతేనో మీకు ఎప్పటికీ తెలియదు.

7. ప్రశ్నలు అడిగే క్రమం

"వాతావరణ మార్పు" అనే మాట మీ నోట చివరి పది నిమిషాల దాకా రాకూడదు. ముందే అంటే జవాబులన్నీ దాని వైపే వాలతాయి. టీవీలో విన్నది, అంతకుముందు వచ్చిన సంస్థ చెప్పింది మీకు తిరిగి చెప్తారు.

క్రమం ఇది.

మొదట ఇంటి చరిత్ర. ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా ఐదు వరసలు గీయండి: పెళ్లిళ్లు-పుట్టుకలు, ఇల్లు, పని, అప్పులు, ఎవరు ఎక్కడ ఉన్నారు. కాగితం నేల మీద పరిచి ఇంటివాళ్లకు కనిపించేలా నింపండి. సంవత్సరం ఎవరికీ గుర్తుండదు. "పెద్దమ్మాయి పుట్టేనాటికి మీ ఆయన ఊళ్లోనే ఉన్నాడా?" అంటే వెంటనే గుర్తొస్తుంది. పెద్ద తుపానులు, ఎన్నికలు, కరెంటు వచ్చిన ఏడు ఇలాంటి గట్టి గుర్తులు ముందే కాగితం మీద వేసుకోండి. మనుషులు పెద్ద సంఘటనలను నిజంగా జరిగిన దానికంటే దగ్గరగా గుర్తుపెట్టుకుంటారు, గుర్తులు ఉంటే ఆ పొరపాటు తగ్గుతుంది.

రెండోది, ఒక్కో ప్రయాణం. ఎవరు ముందు అన్నారు, ఎవరు వద్దన్నారు, దారి ఖర్చు ఎక్కడిది, ఎవరు తీసుకెళ్లారు, మొదటి నెల ఎక్కడ పడుకున్నారు.

మూడోది, కారణాలు. వాళ్లే చెప్పిన కారణాలను ఒక్కో చీటీ మీద రాసి లేదా బొమ్మ వేసి ముందు పెట్టండి. "వీటిలో ఏది లేకపోతే వెళ్లేవాడు కాదు?" అని అడిగి, ఒక్కో చీటీ తీసి మళ్లీ అడగండి. అప్పు చీటీ తీస్తే "వెళ్లేవాడు కాదు" అంటారు. "అప్పు ఎందుకైంది?" అంటే వల పోయింది, పడవ విరిగింది, ఇల్లు మూడోసారి కట్టాం అని అసలు గొలుసు బయటికి వస్తుంది. మీకు కావాల్సింది ఆ గొలుసే.

చివర్లో సముద్రం, వాన, గాలి, ఎండల్లో వాళ్లు గమనించిన మార్పులు.

మార్చుకోవాల్సిన కొన్ని ప్రశ్నలు:

- "వలస వెళ్లాలనుకుంటున్నారా?" అనొద్దు. "వచ్చే రెండేళ్లలో ఈ ఇంటి మీద ఏం ఖర్చు పెట్టబోతున్నారు?" అనండి. వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు కప్పు మార్చరు.
- "ఆదాయం ఎంత తగ్గింది?" అనొద్దు. "ఇంతకుముందు వేటకు ఎంత దూరం వెళ్లేవాళ్లు, ఇప్పుడు ఎంత? డీజిల్ ఎంత పడుతోంది?" అనండి.
- "మీరు సురక్షితంగా ఉన్నారా?" అనొద్దు. "గాలి లేచిన రాత్రి ఎక్కడ పడుకుంటారు?" అనండి.

ఒకే ఇంట్లో భార్యను, భర్తను విడివిడిగా అడగండి. అతను వెళ్లిన కథ, ఆమె ఉండిపోయిన కథ రెండూ ఉంటేనే ఆ ఇంటి లెక్క పూర్తవుతుంది. అతను లేని నెలల్లో నీళ్లు మోయడం, అప్పులవాళ్లకు జవాబు చెప్పడం, తుపాను హెచ్చరిక వస్తే ముసలివాళ్లను తరలించడం ఎవరు చేస్తున్నారో ఆమెనే అడగాలి.

8. నీళ్లు, మట్టి కొలవాల్సి వస్తే

చేతిలో పట్టే వాహకత మీటరు (కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి ఉప్పును అంచనా వేసే పరికరం) చాలు. కానీ:

- ప్రతి ఉదయం ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి
- అదే బావిని, అదే లోతులో, ఆటుపోట్లలో అదే దశలో కొలవండి
- వాన పడి ఎన్ని రోజులైందో రాయండి

సముద్రపు నీటి వాహకత ఒక మీటరు దూరానికి 50 డెసీసీమెన్‌ల (dS/m, వాహకత కొలమానం) దరిదాపుల్లో ఉంటుంది. సంతృప్త మట్టి రసంలో (మట్టిని నీటితో పూర్తిగా నానబెట్టి తీసిన రసంలో) 4 దాటితే ఆ నేలను ఉప్పు నేలగా లెక్కిస్తారు. వరి సుమారు 3 దాటగానే దిగుబడి కోల్పోవడం మొదలుపెడుతుంది. ఒక భాగం మట్టిని ఐదు భాగాల నీళ్లలో కలిపి కొలిస్తే అంకె చాలా తక్కువ వస్తుంది. దాన్ని నేరుగా ఈ అంకెలతో పోల్చి "నేల బాగానే ఉంది" అని రాయకండి.

కొలిచిన అంకె అక్కడికక్కడే ఆ బావివాళ్లకు చెప్పండి. అది వాళ్ల నీళ్ల సంగతి.

9. వెళ్లినచోటికి కూడా వెళ్లండి

డబ్బూ సమయమూ చాలవని ఎక్కువమంది ఈ మెట్టు వదిలేస్తారు. వదిలేస్తే సగం పరిశోధనే. పది ఇళ్లు తగ్గించుకుని అయినా సరే, వలస చేరిన ఊరికి ఒకసారి వెళ్లండి.

పని దగ్గర మాట్లాడకండి. మేస్త్రీ ముందు, యజమాని ముందు ఎవరూ నిజం చెప్పలేరు. సెలవు రోజు, వాళ్లు ఉండే గదిలో, వాళ్లు రమ్మన్న వేళకు వెళ్లండి. అక్కడ చూడాల్సిన మొదటి విషయం నేల. నగరంలో తక్కువ అద్దె దొరికేది తరచుగా పల్లంలో, కాలువ పక్కన. ఒక నీటి నుంచి తప్పించుకుని ఇంకో నీటి దగ్గరికి చేరినవాళ్లు కనిపిస్తారు.

ఇంటికి పంపే డబ్బు ఎంత అని మాత్రమే అడిగి ఆగకండి. పోయిన ఏడాది పంపింది దేనికి ఖర్చయింది? అప్పు తీర్చడానికా, ఇల్లు ఎత్తు పెంచడానికా, చెల్లెలి చదువుకా? వలస ఆ ఇంటిని నిలబెడుతోందా, ఉన్నచోటే నడిపిస్తోందా అనేది అక్కడే తెలుస్తుంది.

10. ఆ రోజు నోట్సు ఆ రోజే

రాత్రి పడుకునే ముందు రాయకపోతే తెల్లారేసరికి మాటలు పోతాయి, మన అభిప్రాయాలు మిగులుతాయి. మూడు భాగాలుగా రాయండి: చూసింది, వాళ్లు అన్న మాట అన్నట్టుగా, నాకు అనిపించింది.

గాలులకు, నీటి రంగులకు, ఇసుక రకాలకు ఊరివాళ్లు వాడే పేర్లను అనువదించకుండా అలాగే ఉంచండి. ఒక గాలి పేరు వెనక దిశ, నెల, ఏ చేప పడుతుంది అన్నీ ఉంటాయి.

పేర్లకు బదులు నంబర్లు వేసి, పేర్ల జాబితాను వేరే చోట పాస్‌వర్డ్‌తో దాచండి. రికార్డింగులు రెండు చోట్ల ఉండాలి. ఉప్పు గాలికి ఫోన్లు, మీటర్లు తొందరగా పాడవుతాయి, గాలి చొరబడని డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి.

11. కష్టమైన క్షణాలు

తుపానులో మనుషులను పోగొట్టుకున్న ఇళ్లలోకి మీరు తెలియకుండానే అడుగుపెడతారు. ఏడుపు మొదలైతే రికార్డర్ ఆపేయండి, కాగితం మడిచేయండి, కూర్చోండి. "మిగతాది రేపు" అని లేచిపోవద్దు, "ఇంకేమైనా చెప్పండి" అని తవ్వొద్దు. ఇంటర్వ్యూ పోతే పోనివ్వండి. ఉప్పెన వచ్చి కొన్ని వారాలే అయిన ఊరికి పరిశోధన కోసం వెళ్లనే వద్దు. సాయం చేయగలిగితే చేయండి, ప్రశ్నలు తర్వాత.

మీ భద్రతకు: లైఫ్‌ జాకెట్ లేకుండా పడవ ఎక్కొద్దు. పాటు మీద నడిచిన దారి పోటు మీద ఉండదు, తిరిగి వచ్చే వేళ ముందే లెక్కేసుకోండి. తుపాను హెచ్చరిక వస్తే ముందే వెళ్లిపోండి. మీరు ఉండిపోతే మిమ్మల్ని చూసుకోవడం వాళ్లకు ఇంకో పని అవుతుంది. సహాయకుడిగా తీసుకున్న స్థానిక యువకుడికి టైముకు డబ్బివ్వండి. మీరు వెళ్లాక ఊరికి జవాబు చెప్పుకోవాల్సింది అతనే.

12. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దే దారి

అందరూ ఒకే జవాబు చెప్తున్నారు. మీ సహాయకుడు ఒకే వర్గానికి చెందినవాడై, తన వాళ్ల ఇళ్లకే తీసుకెళ్తున్నాడేమో చూడండి. ఇళ్ల జాబితాతో సరిపోల్చి, వదిలేసిన వీధుల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

నష్టం అంకెలు మరీ పెద్దగా ఉన్నాయి. మిమ్మల్ని అధికారి అనుకుంటున్నారు. సమ్మతి మాటలు మళ్లీ చెప్పండి, రెండో ప్రయాణంలో అవే ప్రశ్నలు ఇంకోలా అడగండి.

"మాకేం ఇబ్బంది లేదు" అంటున్నారు. ఖాళీ చేయిస్తారని భయం కావచ్చు. ఆ ప్రశ్న వదిలేసి ఇంటి చరిత్ర వైపు వెళ్లండి.

మగవాళ్ల ఇంటర్వ్యూలే వస్తున్నాయి. మీరు వెళ్లే వేళ మార్చండి. బృందంలో మహిళలు లేకుండా ఈ పని కాదు.

13. రాయడం, తిరిగి వెళ్లడం

"వాతావరణ శరణార్థులు" అనే మాట శీర్షికకు బాగుంటుంది కానీ 1951 శరణార్థుల ఒప్పందంలో అలాంటి వర్గం లేదు. పసిఫిక్ ద్వీపదేశం కిరిబాటికి చెందిన ఇయోనే టెయిటియోటా న్యూజిలాండ్‌లో ఆశ్రయం కోరిన కేసులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ నిర్ణయం 2020 జనవరిలో బయటికి వచ్చింది. ఆయన ఫిర్యాదును అంగీకరించలేదు. కానీ ప్రాణానికి ముప్పయ్యే పరిస్థితుల్లోకి మనుషులను తిప్పి పంపకూడదనే బాధ్యత వాతావరణ మార్పు విషయంలోనూ వర్తించవచ్చని చెప్పింది. ఈ రెండు ముక్కలూ కలిపే రాయాలి. పైగా మీరు కలిసినవాళ్లలో చాలామంది దేశం దాటరు. 2050 నాటికి 21.6 కోట్ల మంది అనే ప్రపంచ బ్యాంకు 2021 అంకె కూడా దేశాల లోపలి వలస గురించే, అదీ గరిష్ఠ అంచనా. "21.6 కోట్ల మంది దేశాలు దాటుతారు" అని రాసినవాళ్లు ఆ నివేదిక చదవలేదన్నమాట.

ఊరు మొత్తాన్ని తరలించిన ఉదాహరణ కావాలంటే ఫిజీలోని వునిదొగొలొవా ఉంది. 2014లో ఆ ఊరు సుమారు 2 కిలోమీటర్లు లోపలికి జరిగింది. దాన్ని చూపించి మీ ఊరికీ అదే మందు అనకండి. అక్కడ వాళ్లు వెళ్లింది తమ తెగ భూమిలోకే.

ప్రచురించే ముందు ఊరికి తిరిగి వెళ్లండి. వెంట తీసుకెళ్లాల్సినవి:

- వాళ్ల భాషలో రెండు పేజీల సారాంశం, చదివి వినిపించేలా
- గోడకు అంటించే సైజులో మ్యాపు, పాత గుర్తులతో
- బావుల ఉప్పదనం పట్టిక
- పెన్సిళ్లు

పెన్సిళ్లు మర్చిపోకండి. నేను ఒకసారి అలా మ్యాపు పరిస్తే, తాళంచెవులు నాలుగు కొంగుకు కట్టుకున్న ఒకావిడ చాలాసేపు చూసింది. నేను ఇసుక అని రంగు వేసిన చోట వేలు పెట్టి, "ఇక్కడ మా అత్తగారి వీధి, ఏడిళ్లు. నువ్వు వేయలేదు" అంది. పెన్సిల్ ఇచ్చాను. ఏడూ వేసింది, ఒక్కో దాని పక్కన వాళ్లిప్పుడు ఎక్కడున్నారో చెప్తూ.